చేబ్రోలు యూదు బాలల చదువు

గుంటూరు నుండి పొన్నూరు పోవు మార్గమున చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెములో, తాము ఇశ్రాయేలు గోత్రములలో ఎఫ్రాయీము సంతతివారమని విశ్వసించు కొన్ని పదుల తెలుగు కుటుంబములు కలవు. మాదిగ వాడలో పుట్టి, వ్యవసాయపు కూలితో జీవించి, పందొమ్మిదవ శతాబ్దిలో క్రైస్తవమును స్వీకరించిన పూర్వుల సంతతియైన వీరు, 1980 తరువాతి దశాబ్దమున షమూయేలు యాకోబి ప్రభృతుల ప్రోద్బలమున యూదుధర్మమును బహిరంగముగా అవలంబించి, పిమ్మట తమకొక ప్రార్థనామందిరమును నెలకొల్పుకొనిరి. బెనె ఎఫ్రాయీములని తమను తాము పిలుచుకొను వీరి వంశమూలమును గూర్చిన చర్చను పండితులు సావకాశముగా తేల్చుకొందురుగాక. బడియీడు బిడ్డ చదువు మాత్రము ఆ తీర్పు కొరకు ఆగజాలదు.

ఆ బిడ్డకు మన చట్టములు చేయుచున్న అన్యాయము సామాన్యమైనది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దానికి 1956లోను 1990లోను జరిగిన సవరణలు ననుసరించి, హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే షెడ్యూల్డు కులముల హోదా లభించును. కేంద్రప్రభుత్వము గుర్తించిన ఆరు అల్పసంఖ్యాక మతములలో యూదుమతము లేదు. కావున ధ్రువపత్రమున తన మతమును సత్యముగా వ్రాయించుకొన్న యూదు బాలుడు, తాతముత్తాతల నాటి పేదరికమును అస్పృశ్యతను మోయుచునే, షెడ్యూల్డు కులముల ఉపకారవేతనమునకును, అల్పసంఖ్యాకుల ఉపకారవేతనమునకును దూరమగును. సత్యము చెప్పిన బాలునికి చదువు తప్పిపోవునట్టి ఏర్పాటు ఏ ప్రభుత్వమునకును శోభ కాదు. మహారాష్ట్రము 2016లోను, గుజరాతు 2018లోను యూదులను అల్పసంఖ్యాకులుగా గుర్తించినవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కూడ ఆ మార్గమునే అనుసరింపవలెను.

అయితే ప్రభుత్వము చేయదగినది ఒకటి, సమాజము చేయదగినది మరియొకటి. విద్యకై సామాజిక నిధిని సమకూర్చుట యూదులకు ప్రాచీనధర్మము. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో యెహోషువ బెన్ గమ్లా అను ప్రధానయాజకుడు, తండ్రిలేని పిల్లలు చదువునకు దూరమగుట చూచి, ప్రతి ఊరను ఆరేడేండ్ల బాలుర కొరకు ఉపాధ్యాయులను నియమింపజేసెనని యూదుల ధర్మగ్రంథమైన తల్మూదు చెప్పుచున్నది. ఇరువదియైదుగురికి ఒక ఉపాధ్యాయుడు, నలుబదిమందియైనచో ఊరి ఖర్చున ఒక సహాయకుడు, ఏబదిమందియైనచో ఇద్దరు ఉపాధ్యాయులు ఉండవలెనని కూడ ఆ గ్రంథమే నియమించినది. కుప్పా అను ధర్మనిధిని ఇద్దరు కూడి వసూలు చేయవలెననియు, ముగ్గురు కూడి పంచవలెననియు విధించిన తల్మూదు పెద్దలు, దాతృత్వమునకు లెక్కయే రక్షణ యని ఎరిగినవారు.

ఈ విధానము మన దేశములోను ఫలించినది. హయీము సామ్యూలు కెహిమ్కరు ప్రభృతులు 1875లో బొంబాయిలో బెనె ఇజ్రాయేలు యూదుల పిల్లల కొరకు ప్రారంభించిన పాఠశాల, తరువాత సర్ ఎల్లీ కదూరీ విరాళముతో ఆయన పేరు ధరించి, యూదులనేకులు ఇశ్రాయేలు దేశమునకు తరలిపోయిన పిమ్మట ఇతర మతస్థుల బిడ్డలకే ఎక్కువగా విద్యాదానము చేసినది. యూదుల ధనముతో వెలసిన బడిలో అన్యుల పిల్లలు చదువుకొనగలిగినప్పుడు, యూదుల పిల్లల చదువునకు అన్యులు తోడ్పడుట వింతయా?

కొత్తరెడ్డిపాలెమునకు అమెరికాలోని కులాను వంటి సంస్థలు చేయూత నిచ్చినవి. ఆ మేలు మరువరానిది. కాని దూరపు దాతల ఉత్సాహముతో ఒక భవనము లేచునేమో గాని, నెలనెలా ఉపాధ్యాయుని జీతము, పదవతరగతి బాలికకు సాయంకాలపు పాఠములు, కళాశాలకు పోవు యువకునికి వసతి ఖర్చు, ఇవి దగ్గరివారి క్రమబద్ధమైన చందాలతోనే సాగును. ఆ గ్రామస్థులు, బందరులోని వారి సహధర్ములు తలకొక స్వల్పమొత్తమైనను నెలనెలా కూర్చి, వసూలు చేయువారు వేరుగా, పంచువారు వేరుగా, లెక్కలు గోడమీద అందరు చూచునట్లుగా ఒక విద్యానిధిని నడపుకొనినచో, బయటివారికి విశ్వాసము తానే కలుగును.

పరమతబోధకు మేమేల ధనమీయవలెనని ఎవరైన శంకింపవచ్చును. ఆ శంక న్యాయమైనదే. హీబ్రూ భాషను, ప్రార్థనలను, పండుగ విధులను వారి నిధియు, వారి దేశాంతర సహధర్ములును పోషింతురుగాక; గణితము, ఆంగ్లము, వృత్తివిద్య, వసతి, పుస్తకములు మనము భరింతము. 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను చందాలతో నిలిపినదియు, 1914లో ఈ బెజవాడలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించినదియు ఈ డెల్టా ప్రజలే. ఇచ్చటి గవర్నరుపేటలో వర్తకులు, వైద్యులు, న్యాయవాదులు, పుస్తక ప్రచురణకర్తలు కలిసి ఏటేట కొందరు బాలబాలికల చదువును పూనుకొనుట వారి శక్తికి మించిన పని కాదు. కృష్ణకు ఆవలి గట్టున తెలుగు మాటలాడుచు పెరుగుచున్న ఆ బిడ్డలు మన బిడ్డలే యని యెంచి, వచ్చు విద్యాసంవత్సరము మొదలగుటకు ముందే ఈ కార్యమునకు పూనుకొనుడని పాఠకులను ప్రార్థించుచున్నాను.