నెపం పేదరికం మీద

పేదరికం పోనిదే బాల కార్మిక వ్యవస్థ పోదన్న మాట మన దేశంలో ఎంతగా పాతుకుపోయిందంటే, దాన్ని రుజువు చేయాల్సిన అవసరమే ఎవరికీ కనిపించదు. 1979లో కేంద్ర ప్రభుత్వం నియమించిన గురుపాదస్వామి కమిటీ ఈ మాటకు అధికార ముద్ర వేసింది. పేదరికం ఉన్నంతకాలం పిల్లల పనిని పూర్తిగా మాన్పించడం కష్టం కాబట్టి ప్రమాదకరమైన పనుల్లో నిషేధిద్దాం, మిగిలినచోట్ల పని పరిస్థితుల్ని చక్కదిద్దుదాం అన్నది దాని సారాంశం. 1986లో వచ్చిన బాల కార్మిక నిషేధ, నియంత్రణ చట్టం అదే బాట పట్టింది. పనిచేసే పిల్లల్లో అత్యధికులు ఉన్న వ్యవసాయం చాలావరకు నిషేధానికి అందకుండానే మూడు దశాబ్దాలు గడిచిపోయాయి.

ఈ వాదనలోని సుఖం ఏమిటంటే, ఇది ఎవరినీ తప్పు పట్టదు. పిల్లను పనిలో పెట్టుకున్న యజమాని జాలిపడి అన్నం పెట్టినవాడవుతాడు. ఊళ్లో బడికి రాని పిల్లలెందరో లెక్క తీయని అధికారి నిస్సహాయుడవుతాడు. అంట్లు తోమడానికి పదేళ్ల పిల్లను తెచ్చుకున్న కుటుంబం పుణ్యాత్ముల జాబితాలో చేరుతుంది. నేరమంతా పేదరికానిదే. పేదరికం మీద కేసు పెట్టడం ఎవరి తరమూ కాదు.

లెక్కలు మాత్రం ఈ వాదనకు సాక్ష్యం చెప్పవు. 1991 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 నుంచి 14 ఏళ్ల వయసులో పనిచేస్తున్న పిల్లలు 16.6 లక్షల మంది. దేశంలో అన్ని రాష్ట్రాలకంటే అదే ఎక్కువ. అదే ఏడాది కేరళలో వాళ్ల సంఖ్య సుమారు 35 వేలు. ఆంధ్రప్రదేశ్ జనాభా కేరళకు రెండింతలకు కాస్త ఎక్కువ, అంతే. పోనీ కేరళ డబ్బున్న రాష్ట్రమా అంటే, 1970లు, 80లలో అక్కడి తలసరి ఆదాయం దేశ సగటు కంటే తక్కువ. గల్ఫ్ డబ్బు వల్లే అంతా జరిగిందనేవాళ్లున్నారు. ఆ డబ్బు పెద్దఎత్తున రావడం మొదలైంది 1970ల మధ్యలో. పిల్లలు బళ్లు నింపడం అంతకు చాలా ముందే మొదలైంది. సంస్కరణోద్యమాలు, సంస్థానాల కాలం నుంచీ చదువు మీద పెట్టిన ఖర్చు, నడిచి వెళ్లగలిగేంత దూరంలో బడి, పిల్లను బడి మాన్పిస్తే ఊరు అడిగే అలవాటు, ఇవన్నీ కలిసి చేసిన పని అది. 1872లో అందరికీ ప్రాథమిక విద్య తప్పనిసరి అని ప్రకటించిన నాటికి జపాన్ కూడా సంపన్న దేశం కాదు. అమెరికన్ రాజనీతి శాస్త్రజ్ఞుడు మైరన్ వీనర్ 1991లో వెలువడిన తన పుస్తకంలో ఇలాంటి దేశాలన్నిటినీ భారత్ పక్కన నిలబెట్టి చూశాడు. అడ్డు పడుతున్నది ఆదాయం కాదు, పేదల పిల్లలు చేతులతో పనిచేయడానికే పుట్టారన్న పై తరగతుల నమ్మకం అని తేల్చాడు. ఆ నిర్ధారణ చాలామందికి రుచించలేదు. కొట్టిపారేయడం కూడా అంత తేలిక కాలేదు.

తిరగేసి చూసినా ఇదే కనిపిస్తుంది. ఘనా, పాకిస్తాన్ గ్రామాల మీద సోనియా భలోత్రా, క్రిస్టఫర్ హెడీ 2003లో ప్రచురించిన అధ్యయనంలో, భూమి లేని ఇళ్లకంటే భూమి ఎక్కువున్న ఇళ్ల పిల్లలే పొలంలో ఎక్కువ పనిచేస్తున్నట్టు, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, తేలింది. చేయించడానికి పని ఉన్నచోటే పిల్లలతో పని చేయిస్తారు. పేదరికం ఒక్కటే కారణమైతే లెక్క ఇలా రాకూడదు.

పని ఎక్కడ పుడుతుందో, అది పిల్లల చేతికే ఎందుకు పోతుందో చూడాలంటే సీడు పత్తి చేలను మించిన చోటు లేదు. మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో దశాబ్దాలుగా హైబ్రిడ్ పత్తి విత్తనం పండుతోంది. హైబ్రిడ్ గింజ దానంతటది కట్టదు. ఆడ వరసలోని ప్రతి మొగ్గనూ సాయంత్రం విప్పి, పుప్పొడి తిత్తుల్ని గోటితో తీసేయాలి. మరునాడు పొద్దున్నే మగ మొక్క పూలు తెచ్చి ఒక్కో పువ్వుకూ పుప్పొడి అద్దాలి. దీన్నే రైతులు క్రాసింగ్ అంటారు. పూత ఉన్నన్నాళ్లూ, అంటే వానాకాలం నడిమి నుంచి నెలల తరబడి, ఒక్క పూట కూడా ఆగకుండా సాగాల్సిన పని ఇది. సాగు ఖర్చులో పెద్ద వాటా కూలీలకే పోతుంది. పిల్ల బడిలో ఉండాల్సిన విద్యా సంవత్సరంలో సగం ఈ పూతకే సరి.

ఈ పని చేసినవాళ్లలో అత్యధికులు ఏడు నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు. వాళ్ల వేళ్లు నాజూకువని, మొక్కకు సమానమైన ఎత్తులో ఉంటారని, పువ్వు చెడకుండా చూస్తారని రైతులు చెప్పేవారు. అసలు సంగతి కూలి రేటు. పిల్లకు ఇచ్చేది పెద్ద ఆడకూలీకి ఇచ్చే దానికంటే తక్కువ. మగకూలీతో పోలిస్తే మరీ తక్కువ. పైగా పిల్ల ఎక్కువ గంటలు వంగి ఉంటుంది, ఎదురు మాట్లాడదు. సీజన్‌కు ముందే తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చి పిల్లను ఖాయం చేసుకుంటారు. రైతు పైన సీడు ఆర్గనైజరు, ఆర్గనైజరు పైన కంపెనీ. కంపెనీ ముందుగానే కట్టిన కొనుగోలు ధరలో పెద్దల కూలి ఇమడకపోతే ఆ తేడాను పూడ్చేది పిల్ల వేళ్లే.

ఆ ఊళ్లలోనే పెద్దవాళ్లు పని దొరక్క వలస పోయారు. తండ్రికి ఇవ్వాల్సిన కూలిలో సగానికి కూతురు దొరుకుతుంటే తండ్రిని పిలిచేదెవరు? పిల్లలు పనిలో ఉండటం వల్ల పెద్దల కూలి పడిపోతుంది. పడిపోయిన కూలి ఇల్లు నడపడానికి చాలక పిల్లలు మళ్లీ పనికి పోతారు. ఆర్థికవేత్తలు కౌశిక్ బసు, ఫామ్ హోంగ్ వాన్ 1998లో ఈ చక్రాన్నే ఆర్థికశాస్త్ర సూత్రాలలో పెట్టి చూపించారు. పిల్లలందరినీ ఒకేసారి పని నుంచి తప్పిస్తే పెద్దల కూలి పెరిగి, పిల్లలు అక్కర్లేని మరో స్థితిలో మార్కెట్ నిలదొక్కుకోగలదన్నది వారి వాదన. పేదరికం పిల్లల పనికి ఎంత కారణమో పిల్లల పని పేదరికానికి అంత కారణం. చాలా చర్చలు మొదటి సగం దగ్గరే ఆగిపోతాయి.

2000 తర్వాత పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనాలు, స్వచ్ఛంద సంస్థల ఆందోళన, విదేశీ కంపెనీల సొంత దేశాల్లో వచ్చిన ఒత్తిడి కలిసి విత్తన కంపెనీల్ని కదిలించాయి. కొన్ని కంపెనీలు పిల్లలు లేని చేలకు అదనపు ధర ఇస్తామన్నాయి, ఉన్నవాటి విత్తనం కొనబోమన్నాయి. ఆ చేలలో పెద్దవాళ్లు దిగి అదే క్రాసింగ్ చేశారు. నాజూకు వేళ్ల సిద్ధాంతం అక్కడితో తేలిపోయింది. సమస్య మాత్రం మొత్తంగా తీరలేదు. గుజరాత్ చేలకు రాజస్థాన్ గిరిజన గ్రామాల పిల్లలు తరలడం, పెద్ద కమతాల నుంచి పని చిన్న రైతుల ఇళ్లలోకి జారడం జరిగాయి.

పిల్లల కూలి లేకపోతే పేద తల్లిదండ్రులు పస్తులుంటారన్న వాదనకు జవాబు రంగారెడ్డి జిల్లాలో దొరికింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించిన శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి అక్కడ పనిచేసింది. పిల్లను బడికి పంపినందుకు తల్లిదండ్రులకు డబ్బు ఇవ్వలేదు. సగం పూట పని, సగం పూట చదువు అన్న రాజీకీ, రాత్రి బడికీ ఒప్పుకోలేదు. బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే అని నిర్వచించుకోవడంతో ఇంట్లో తమ్ముణ్ని ఎత్తుకుని కూర్చున్న ఆడపిల్ల కూడా లెక్కలోకి వచ్చింది. అంతవరకూ ఆమె ఏ సర్వేకూ కనపడలేదు. వందలాది గ్రామాల్లో తేలిందేమిటంటే, తల్లిదండ్రులకు చదివించాలన్న కోరిక లేక కాదు, బడి గడప దాటలేక పిల్లలు ఆగిపోయారు. పుట్టిన తేదీ కాగితం అడుగుతారు, చేర్చుకునే నెల దాటిపోయిందంటారు, పదకొండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడతారు, ఆమె సిగ్గుపడి రెండో రోజు రాదు. అందుకే శిబిరాల్లో కొన్ని నెలల బ్రిడ్జి కోర్సు చెప్పి, వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. ప్రభుత్వ ఉపాధ్యాయులే బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడి ఇందులో నిలబడ్డారు. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. ఆమె దారి అన్నిచోట్లా ప్రభుత్వ విధానం కాలేదు.

ప్రభుత్వ బడిలో చదువు రాదు, అలాంటప్పుడు పని నేర్చుకోవడమే మేలు కదా అని మరో వాదం. బడి బాగాలేదన్నది చాలాచోట్ల నిజమే. అది బడిని బాగుచేయమనడానికి కారణం అవుతుంది కానీ పిల్లను పనికి పంపడానికి కాదు. అధికారి కొడుకు లెక్కల్లో వెనకబడితే ట్యూషన్ పెట్టిస్తారు తప్ప మెకానిక్ షెడ్డుకు పంపమని ఎవరూ సలహా ఇవ్వరు. ఆ సలహా ఏ కులాల, ఏ వాడల పిల్లలకు అందుతుందో అందరికీ తెలుసు.

నిషేధం పిల్లల్ని ఇంకా అధ్వానమైన పనుల్లోకి నెడుతుందన్న అభ్యంతరం మాత్రం తీసిపారేయదగినది కాదు. 1993లో అమెరికాలో, పిల్లలతో చేయించిన సరుకుల దిగుమతిని నిషేధించాలన్న హార్కిన్ బిల్లు భయంతో బంగ్లాదేశ్ దుస్తుల ఫ్యాక్టరీలు వేలమంది పిల్లల్ని ఒక్కసారిగా బయటికి పంపాయి. వాళ్లలో కొందరు రాళ్లు కొట్టే పనిలోకీ, అంతకంటే హీనమైన వాటిలోకీ వెళ్లారు. బడి సిద్ధంగా లేకుండా పని మాన్పిస్తే జరిగేది ఇదే. 1995లో తయారీదారులు, యూనిసెఫ్, అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసుకున్న ఒప్పందం ముందు బడి, తర్వాతే తొలగింపు అన్న క్రమాన్ని పెట్టింది. హైదరాబాద్ పాతబస్తీలో 2015 జనవరిలో గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు 200 మందికి పైగా పిల్లల్ని విడిపించారు. ఎక్కువమంది బీహార్ పిల్లలు. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేర్లతో ఇలాంటి దాడులు జరుగుతాయి. దాడి ఒక్కరోజు పని. రైలెక్కించి పంపిన పిల్ల ఊరి బడి రిజిస్టర్‌లో ఉందో లేదో నెలనెలా చూసే యంత్రాంగం లేకపోతే అదే దళారి అదే పిల్లను మళ్లీ తెస్తాడు.

బాల కార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదని ఎట్టకేలకు చెప్పింది. ఆ చేత్తోనే, బడి వేళల తర్వాతా సెలవుల్లోనూ కుటుంబ వృత్తిలో సాయం చేయవచ్చని సందు వదిలింది. పని చిన్న రైతుల ఇళ్లలోకి, ఇంటింటి కార్ఖానాల్లోకి మారిన కాలంలో ఈ సందు గుమ్మమంత వెడల్పు. పొద్దున ఆరింటికి పుప్పొడి అద్ది తొమ్మిదింటికి బడిలో నిద్రపోయే పిల్ల విషయంలో ఏ తనిఖీ అధికారి ఏం రుజువు చేయగలడు? ఈ మినహాయింపును ఎత్తేయడం మొదట జరగాల్సిన పని.

తర్వాతిది పెద్దల కూలి. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం చాలాచోట్ల కూలి రేటును పైకి లాగింది. అయితే తల్లి పనికి పోతే పసిబిడ్డను చూడటానికి పెద్దపిల్ల బడి మానేస్తుంది. అందుకే పూర్తి పూట నడిచే అంగన్‌వాడీ కూడా బాల కార్మిక నిర్మూలనలో భాగమే. ఇటుక బట్టీలకు కుటుంబాలతో వచ్చే ఒడిశా కూలీల పిల్లలకు బట్టీ దగ్గరే ఒడియాలో చెప్పే బడి కావాలి. తల్లిదండ్రులు వలస పోగా ఊళ్లో ఆగిపోయే పిల్లలకు సీజనల్ హాస్టల్ కావాలి. తల్లి ఖాతాలో వేసే డబ్బు, 2020లో ఆంధ్రప్రదేశ్‌లో అమ్మఒడి పేరుతో ఇచ్చిన 15 వేల రూపాయల లాంటిది, ఇంటి ఖర్చుకు ఆసరానే. దాన్ని హాజరుతో గట్టిగా ముడిపెట్టి, మానేసిన పిల్ల ఇంటికి వారంలో ఎవరో ఒకరు వెళ్లేలా చేస్తేనే అది పని నుంచి పిల్లను లాగుతుంది. విత్తన కంపెనీలు కట్టే కొనుగోలు ధరలో పెద్దల కనీస కూలి ఇమిడిందో లేదో కార్మిక శాఖ చూడాలి. తప్పు జరిగినప్పుడు రైతు ఒక్కడినే బోనెక్కిస్తే ఆర్గనైజరూ కంపెనీ తప్పించుకుంటాయి. 1996లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పనిలో పెట్టుకున్న ఒక్కో పిల్లకు యజమాని 20 వేల రూపాయలు కట్టాలని ఆదేశించింది. అది వసూలైన కేసులు ఎన్నో, ఆ నిధి ఎవరి చదువుకు పోయిందో ప్రతి జిల్లా బయటపెట్టాలి.

2010 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం పద్నాలుగేళ్లతో ఆగిపోతుంది. పదో తరగతి పూర్తి కాకముందే చాలామంది పిల్లలు ఆ వయసు దాటుతారు. కార్మిక చట్టం ప్రకారం ప్రమాదకరం కాని పనికి వాళ్లు అప్పటికే అర్హులు. ఒక చట్టం బడి బాధ్యత వదిలేసే రోజునే మరో చట్టం పని తలుపు తెరుస్తోంది. ఈ రెండు వయసుల్నీ పద్దెనిమిదికి జరపడానికి పేదరిక నిర్మూలన దాకా ఆగనక్కర్లేదు, పార్లమెంటు తలచుకుంటే చాలు.