కుక్కపేరు ఇంజను

రైలింజనుకు కుక్కపేరు పెట్టారంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. టెర్రియర్ అంటే ఎలుకల్ని కలుగులోంచి బయటికి లాగే పొట్టి కుక్క. ఇంగ్లండులో లండను, బ్రైటన్ నగరాల మధ్య బళ్లు నడిపిన కంపెనీవారు 1872 నుంచి 1880 దాకా కట్టిన 50 ఇంజన్లకు జనం పెట్టిన ముద్దుపేరు అది.

కట్టించినవాడు విలియం స్ట్రౌడ్లీ. లండను పేటల్లో స్టేషన్లు దగ్గర దగ్గర. బండి ఇలా కదిలి అలా ఆగాలి. థేమ్స్ నది అడుగున సొరంగంలోకి దిగి మళ్లీ పైకెక్కాలి. అంచేత ఆయన ఇంజను బరువు 27 టన్నులు దాటి ఎంతో పోనివ్వలేదు. ఆరు చక్రాలూ లాగే చక్రాలే. నీళ్లు మోయడానికి వెనక వేరే బండి లేదు. ఒంటికి రెండు పక్కలా తొట్లే. పేర్లంటారా, రాజులవీ రాణులవీ కావు. వాపింగ్, పోప్లార్, స్టెప్నీ అంటూ రేవుకూలీలుండే పేటల పేర్లు కూడా పెట్టారు.

రంగుకు ‘మెరుగైన ఇంజను ఆకుపచ్చ’ అని నామకరణం చేశాడు కాని, చూస్తే అచ్చం ఆవపిండి! ఒక్కొక్క ఇంజను ఒక్కొక్క డ్రైవరుకు అప్పగించి, లోపల అతని పేరు రాయించేవాడు. కళ్లెదుట తన పేరుంటే ఎవడు మసి పట్టనిస్తాడు చెప్పండి? 1878 పారిస్ ప్రదర్శనలో వీటిలో ఒకదానికి బంగారు పతకం వచ్చింది.

తర్వాత బళ్లు బరువెక్కాయి. పొట్టి ఇంజన్ల వల్ల కాలేదు. కొన్నిటిని తుక్కు చేశారు, కొన్నిటిని చిన్న కంపెనీలకు అమ్మేశారు. మిగిలినవాటిలో కొన్నిటిని కాపాడింది ఒక బలహీనమైన చెక్క వంతెన. దక్షిణ తీరాన హేలింగ్ దీవికి పోయే ఆ వంతెన మీద బరువైన ఇంజన్లను పోనిచ్చేవారు కాదు. మరి టెర్రియర్లే గతి! చివరకు వంతెన బాగుచేయించడం దండగ ఖర్చని 1963 నవంబరులో ఆ లైనే మూసేశారు. 1872లో పుట్టిన ఫెన్‌చర్చ్ అప్పటికీ అక్కడ పనిలోనే ఉంది. దాని వయస్సు 91.

యాభైలో పది బతికాయి. ఒకటి కెనడా చేరింది. ఫెన్‌చర్చ్‌ను మాత్రం బ్లూబెల్ అనే లైను వారు తెచ్చుకున్నారు. పాత ఇంజన్లంటే ప్రాణమిచ్చేవాళ్లు కలిసి 1960లో నడపడం మొదలుపెట్టిన లైను అది. అక్కడికి దానికంటే ముందే చేరి కూర్చున్నది ఎవరనుకున్నారు? స్టెప్నీ!