మనదే వూరండీ?

మా యిల్లు విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్‌కు కూతవేటు దూరం. అక్కడ చింతపండు కొనడానికి కొత్త మనిషి వస్తే, దుకాణదారు తూకం వేస్తూ, “మనదే వూరండీ?” అంటాడు. “మీ వూరేది?” అనడు, గమనించారా! ఆ వూళ్ళో తన మేనత్త వున్నదని తేలిందా, సరుకు కాస్త మొగ్గుగా తూగినట్టే. ఇంతకన్నా మంచి పలకరింపు లోకంలో లేదని నా నమ్మకం.

టిబెటన్ భాష నేర్చుకుందామని హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాలకు వెళ్ళేదాకా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. 1970లో పెట్టిన టిబెటన్ గ్రంథాలయం ఒకటి అక్కడ వున్నది. బయటివాళ్ళకు భాషా పాఠాలు చెబుతారు. మన దేశంలోనే వుండి పరదేశంలో చదువుకున్నట్టుంటుంది. ఒక టిబెటన్ పెద్దావిడ యింట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడను అందరూ “అమా లా” అనేవారు. ‘అమా’ అంటే అమ్మ. ‘లా’ అంటే మన ‘గారు’ అన్నమాట.

మొదటిరోజే తంటా వచ్చింది. వెన్న, ఉప్పు వేసి చిలికిన టీ యిచ్చారు. వదిలేస్తే మర్యాద కాదని కళ్ళు మూసుకుని తాగేశాను. వెంటనే నింపారు. మళ్ళీ తాగాను, మళ్ళీ నింపారు! అతిథి గిన్నె ఖాళీగా వుండకూడదట. చాలనుకుంటే నిండుగానే వదిలెయ్యాలట. విస్తట్లో మెతుకు మిగిల్చితే బామ్మ చేత చీవాట్లు తిన్నదాన్ని, నాకెలా తెలుస్తుంది చెప్పండి?

నాలుగు మాటలు పట్టుబడగానే, వచ్చీరాని టిబెటన్‌లో, “అమా లా, మీ వూరేది?” అని అడిగాను. ఆవిడ చేతిలో జపమాల ఆగింది. కాసేపటికి వూరి పేరు చెప్పారు. 1959లో దలైలామా మన దేశం వచ్చిన ఏడే, తల్లి వీపున కొండలు దాటి వచ్చారట. ఆ వూళ్ళో ఏమున్నదో ఆవిడకు గుర్తులేదు. తల్లి చెప్పిన పేరే మిగిలింది. ఆ తల్లి మళ్ళీ దాన్ని చూడకుండానే పోయింది. “అక్కడ మీవాళ్ళెవరైనా వున్నారా?” అన్న రెండో ప్రశ్న నా నోట్లోనే ఆగిపోయింది. మనకు పలకరింపైన మాట యింకొకరికి పుండుమీద వేలు అవుతుందని అంతవరకూ నాకు తోచనేలేదు.

నా మొహం చూసి ఆవిడే మాట మార్చారు. “నీదేది?” “ఆంధ్ర.” “ఓహో, అమరావతి!” అన్నారు. 2006 జనవరిలో దలైలామా అక్కడ కాలచక్ర దీక్ష యిచ్చినప్పుడు వచ్చారట. బుద్ధుడు కాలచక్రం బోధించింది అమరావతి దగ్గరి ధాన్యకటకంలోనని వాళ్ళ విశ్వాసం. లాసా దగ్గరి ద్రెపుంగ్ మఠానికి ఆ పేరే పెట్టుకున్నారు. ద్రెపుంగ్ అంటే ధాన్యపు రాశి. ఆవిడ స్తూపం గురించి అడుగుతుంటే నేను తలవంచుకున్నాను. మరి నేను అమరావతి చూస్తేగా!

వచ్చేసేరోజున అలవాటుకొద్దీ “వెళ్ళొస్తాను” అన్నాను. అమా లా నా మెడలో తెల్లని కండువా వేసి, “కాలే ఫే” అన్నారు. నెమ్మదిగా వెళ్ళమని. వెళ్ళేవాళ్ళు వుండేవాళ్ళతో “కాలే షూ” అనాలి, నెమ్మదిగా వుండండని. తిరిగి వస్తామన్న పూచీ ఆ మాటల్లో లేదు. మనం మాత్రం ఆ పూచీ యివ్వనిదే గడప దాటం. ఎంత అదృష్టవంతులమో!

చలికాలంలో స్వెట్టర్లు అమ్మడానికి విశాఖ వచ్చే టిబెటన్లను మీరు చూసే వుంటారు. ఈసారి కొనేటప్పుడు వూరు సంగతి వాళ్ళంతట వాళ్ళే చెప్పనివ్వండి. వచ్చేటప్పుడు మాత్రం “కాలే షూ” అనండి. ధర తగ్గుతుందని హామీ యివ్వలేను గాని, ఆ మొహంలో వెలుగు చూసి మీకే సంతోషమవుతుంది.