పరుపు పొట్టలో ఏముంది?

రబ్బరు చెట్టు పాలను నురగ వచ్చేదాకా గిలకొట్టి, అచ్చులో పోసి, ఆవిరి మీద ఉడికించి తీసినది సహజ లేటెక్స్ పరుపు. రసాయనాల వాసన లేని పడక కావాలని అడిగేవాళ్లకు ఇవాళ పట్నం దుకాణాల్లో ముందుగా చూపించేది దీన్నే. రాయలసీమలోని ఆదోని, ఎమ్మిగనూరు ఇళ్లలో అదే కోరికకు తరతరాలుగా ఉన్న జవాబు వేరు. అది కళ్లెదుట ఏకించి, కళ్లెదుట కుట్టించుకున్న దూది పరుపు. ఈ రెండింటికీ నడుమ ఫోము పరుపులు, కొబ్బరి పీచు పరుపులు ఎన్నో రకాలున్నాయి. దేన్ని కొన్నా అడగవలసింది దాని పొట్టలో ఏముందనే. లేటెక్స్ విషయంలో ఆ జవాబు కాగితం చెప్పాలి. దూది విషయంలో కన్నే చెబుతుంది.

రబ్బరు పాలు మన దేశంలో ఎక్కువగా కేరళ తోటల నుంచి వస్తాయి. తెల్లవారకముందే బెరడు మీద ఏటవాలుగా గాటు పెడితే కారే పాలలో రబ్బరు సుమారు మూడో వంతు, మిగిలిందంతా దాదాపు నీరే. పాలు గడ్డకట్టకుండా అమ్మోనియా కలిపి, యంత్రంలో గిరగిరా తిప్పి, రబ్బరు 60 శాతానికి వచ్చేదాకా చిక్కబరుస్తారు. ఆ తర్వాత గంధకం, జింకు ఆక్సైడు చేర్చి గిలకొడతారు. 1929లో డన్‌లప్ కంపెనీలో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది, ఇప్పటికీ ఆ పేరుతోనే చలామణి అవుతోంది. అచ్చులోంచి గాలి లాగేసి, నురగను గడ్డకట్టించి, ఆ తర్వాత ఉడికించే ‘తలలే’ పద్ధతి ఇంకొకటి. దాంతో మెత్తదనం అంచు నుంచి అంచుదాకా ఒకేలా వస్తుంది, ధరా పెరుగుతుంది. అయితే విషపదార్థాల మాటకొస్తే చూడవలసింది పద్ధతిని కాదు, పాలను.

ఎందుకంటే పాలలో కల్తీకి దారి ఉంది. పెట్రోలియం నుంచి తీసే స్టైరీన్, బ్యూటడయీన్‌లతో కృత్రిమ లేటెక్స్ తయారవుతుంది. చవక కాబట్టి దాన్ని చెట్టుపాలలో కలుపుతారు. అలా కలిపిన పరుపును కూడా ‘నేచురల్ లేటెక్స్’ పేరుతో అమ్మడానికి వీలుంటుంది కనుక, ఆ మాట పక్కన అంకె ఉందా, ఆ అంకె దేనికి వర్తిస్తుంది అన్నవి చూసుకోవాలి. గంధకం, జింకు ఆక్సైడు లేకుండా నురగ నిలబడదు. అందువల్ల పరుపు మొత్తం నూటికి నూరుపాళ్లు చెట్టుపాలే అనడం కుదరదు. వాడిన రబ్బరులో కృత్రిమం ఏమీ కలవలేదన్నదే ‘వంద శాతం’ అన్న మాటకు సరైన అర్థం, బిల్లు మీద రాయించుకోవలసిందీ అదే.

ఇంకో మెలిక పొరల్లో ఉంది. పైన ఒక్క అంగుళం లేటెక్స్, కింద ఐదంగుళాలు మామూలు ఫోము పెట్టిన పరుపు కూడా లేటెక్స్ పరుపుగానే చెల్లుబాటవుతుంది. గలీబు జిప్పు తీసి పక్కనుంచి చూస్తే పొరలు తెలిసిపోతాయి. బరువు కూడా కొంత పట్టిస్తుంది. ఆరున్నర అడుగుల పొడుగు, ఐదడుగుల వెడల్పు, ఆరంగుళాల మందం ఉన్న నిఖార్సయిన లేటెక్స్ పరుపు 30 కిలోల దగ్గర మొదలై 40 దాకా తూగుతుంది. ఒక్క మనిషి అవలీలగా ఎత్తి మంచం మీద వేయగలిగితే అనుమానించవలసిందే.

మిగతాది సర్టిఫికెట్ల పని. గోల్స్ ముద్ర సేంద్రియ రబ్బరు తోటల పాలకు సంబంధించింది, ముడి రబ్బరులో 95 శాతానికి తగ్గకుండా సేంద్రియం కావాలంటుంది. గాట్స్ ముద్ర గలీబు బట్టకు, నూలుకు వర్తిస్తుంది. 1992 నుంచి ఉన్న ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 పంట ఎలా పండిందన్నది అడగదు, తయారైన వస్తువులో హానికర పదార్థాలు హద్దులోపల ఉన్నాయా అని పరీక్షిస్తుంది. చాలామంది ఈ మూడింటినీ ఒకటే అనుకుంటారు. గలీబుకు వచ్చిన ముద్రను చూపించి లోపలి పరుపును అమ్మేయడం ఈ పొరపాటు వల్లే సాగుతుంది. సర్టిఫికెట్ నంబరును ఆ సంస్థ దగ్గర సరిచూసుకోవచ్చు, నంబరు చెప్పని ముద్రకు విలువ లేదు. రబ్బరు చేతితొడుగులు పడనివాళ్లు లేటెక్స్ కొనేముందు వైద్యుణ్ని అడగడం మేలు. తయారీలో బాగా కడిగితే అలర్జీ తెచ్చే ప్రొటీన్లు చాలావరకు పోతాయి గాని, ఎంత కడిగారన్నది కొనేవాడి కంటికి కనబడదు.

ఆదోని వైపు ఇంకో చిక్కుంది. ఇక్కడ పరుపును ఎండలో వేయడం అలవాటు. లేటెక్స్‌కు నేరుగా తగిలే ఎండ పడదు. పైపొర పెళుసెక్కి, పసుపుబారి, పొడిపొడిగా రాలుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో, మిద్దె మీద ఆరేసే ఇంట్లో, ఇది చిన్న సంగతి కాదు. లేటెక్స్ కొన్నవాళ్లు దాన్ని నీడలో, గాలి ఆడే చోట నిలబెట్టి ఆరబెట్టుకోవాలి.

ఫోము గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పాలీయురెథేన్ ఫోము పాలియాల్, ఐసోసయనేట్ అనే రెండు రసాయనాల కలయిక. కలిసి గట్టిపడ్డాక ఐసోసయనేట్ దాదాపు అంతా ఖర్చయిపోతుంది. కొత్త పరుపు కట్టు విప్పగానే ముక్కుకు తగిలేది తయారీలో మిగిలిపోయిన ఆవిర్లు. కిటికీలు తెరిచి నాలుగైదు రోజులు ఉంచితే చాలావరకు తగ్గుతాయి. జాగ్రత్త పడవలసింది రీబాండెడ్ ఫోముతో. రకరకాల ఫోము తుక్కును ముక్కలు చేసి, జిగురుతో అదిమి దిమ్మెలుగా చేసేది ఇది. కోస్తే రంగురంగుల చుక్కలు కనబడతాయి. నడుము నొప్పికి మంచిదని అమ్మే గట్టి పరుపుల్లో చాలావాటి లోపల ఉండేది ఇదే. ఆ తుక్కు ఎక్కడిదో, ఏ కాలంలో ఏ మందు కలిపి చేసిందో ఎవరూ చెప్పలేరు. కొబ్బరి పీచు పరుపు దీనికన్నా నయం. పీచుకు రబ్బరు పాలు చల్లి, ఒత్తి, ఉడికించి చేస్తారు, గాలి ఆడుతుంది. నడుమ పల్లం పడడం దాని లోపం.

ఇక దూది. ఆదోని మార్కెట్ యార్డు రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఈ తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. అప్పటికే పత్తి, నూలు వ్యాపారాలతో రెండో బొంబాయి అనిపించుకుంది. ఆదోని నూలు తివాచీల ప్రస్తావన బ్రిటిష్ కాలపు గెజిటీర్లలో ఉంది. పత్తి వాసన సోకని వీధి లేని ఇలాంటి ఊళ్లో దూది పరుపు కుట్టించుకోవడం ఇవాళ పాతకాలపు పనిగా కనబడడం విచారం. విషం లేని పడక కోసం ఇంత దగ్గర దారి దేశంలో ఎన్ని ఊళ్లకు ఉంది?

దూది పరుపు ఎందుకు మెత్తగా ఉంటుందో తెలిస్తే ఏది మంచి దూదో తెలుస్తుంది. పత్తి పోగు మెలితిరిగిన సన్నని పట్టీ లాంటిది. ఆ మెలికల మధ్య గాలి నిలుస్తుంది. మనిషి బరువు, చెమట కలిసి ఆ గాలిని అణిచేస్తాయి, పోగులు ఒకదానికొకటి అల్లుకుని ఉండలు కడతాయి. ఏకు మేకైనట్టు అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. ఏకడం అంటే ఆ ఉండలను విడదీసి పోగుల మధ్య మళ్లీ గాలి నింపడం. పొట్టి పింజ, ముతక పోగు ఉన్న దేశవాళీ పత్తికి స్ప్రింగు గుణం ఎక్కువ, అందుకే పరుపులకు దాన్నే మెచ్చేవాళ్లు. నల్లరేగడిలో వానాధారంగా పండిన ఆ రకాలు 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక పొలాల నుంచి దాదాపు కనుమరుగయ్యాయి. ఇప్పుడు యార్డుకు వచ్చేది పొడుగు పింజ. నూలుకు అది మేలు, పరుపులో మాత్రం తొందరగా అణుగుతుంది. పాతికేళ్ల కిందటి పరుపుతో పోలిస్తే ఇప్పటి పరుపును తరచు ఏకించవలసి రావడం పనివాడి లోపం కాదు, పంట మారింది.

పురుగు మందుల మాట దాచనక్కర్లేదు. పత్తికి మందులు ఎక్కువే కొడతారు. కాయ పగిలేదాకా దూది లోపలే ఉంటుంది కాబట్టి తొలి పిచికారీలు దాన్ని నేరుగా తాకవు. గులాబీ రంగు పురుగు కోసం పంట చివర్లో, కాయలు విచ్చుకుంటున్నప్పుడు కొట్టేవి తాకుతాయి. బట్టకు వెళ్లే నూలును ఉడికించి శుభ్రం చేస్తారు, పరుపు దూదికి ఆ భాగ్యం లేదు. కనుక తొలి తీతల పత్తి నుంచి వచ్చిన తెల్లని దూదిని అడగడం మంచిది. తెలిసిన రైతు, తెలిసిన జిన్నింగ్ మిల్లు ఉంటే అది ఆదోనిలో సాధ్యమే. సర్టిఫికెట్ ఉన్న సేంద్రియ దూది దొరికితే మరీ మంచిది.

దూది పేరుతో అమ్మేదంతా దూది కాదు. జిన్నింగ్‌లో దిగిన కొత్త దూది మొదటి రకం. స్పిన్నింగ్ మిల్లుల వ్యర్థం రెండోది, పోగులు మరీ పొట్టివి కావడంతో దుమ్ము రేగుతుంది. పాత గుడ్డలను చించి తీసిన పీచు మూడోది, దానిలో రంగు నూలు ముక్కలు కనబడతాయి, ఆ రంగులు ఏవో తెలియదు. పాలిస్టర్ పీచు కలిపినది నాలుగోది. చిటికెడు పీచును పళ్లెంలో పెట్టి నిప్పు అంటిస్తే పత్తి కాగితం కాలిన వాసనతో కాలి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది.

ధరే ఇంకో పరీక్ష. మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడుగు పరుపుకు పది పన్నెండు కిలోల దూది పడుతుంది. క్వింటాలు పత్తిలో దూది మూడో వంతుకు కాస్త ఎక్కువ, తక్కినది గింజ. అంటే ఒక్క పరుపుకు సుమారు 35 కిలోల పత్తి. 2025-26కు పొడుగు పింజకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ లెక్కన పత్తి ఖరీదే 2,800 దాటుతుంది. గింజ విలువ తీసేసినా, జిన్నింగు, ఏకుడు, గుడ్డ, కుట్టుకూలి కలిపితే వెయ్యి రూపాయలకో పన్నెండొందలకో అసలు దూది పరుపు రావడం ఎలా సాధ్యం?

గాలిలో తేమను పీల్చి వదిలే గుణం పత్తికి ఎక్కువ. మామూలు వాతావరణంలో పత్తి తన బరువులో 8 శాతానికి పైగా తేమ పట్టి ఉంచుతుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. ఉక్కపోత రాత్రుల్లో వీపు కింద తడి తెలియకపోవడానికి కారణం ఇదే. ఆ తేమ బయటికి పోవాలంటే పరుపును నెలకోసారైనా ఎండలో వేసి, తిరగేసి, కర్రతో దులపాలి. నల్లులకు మందు చల్లితే మాత్రం దూది ఇచ్చిన మేలంతా పోయినట్టే. మందు చల్లని పరుపే కావాలని కొని, ముఖం ఆనే చోటే మందు చల్లడం ఏం తెలివి? మంచం కీళ్లలో మరుగుతున్న నీళ్లు పోయడం అంతకన్నా మేలు.

దిండుకు బూరుగు దూది ఉత్తమం. బూరుగు పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన మైనపు పూత ఉంటుంది, నీటిని దగ్గరికి రానివ్వదు. ఒకప్పుడు ప్రాణరక్షక కోటుల్లో నింపింది ఈ లక్షణం చూసే. నునుపు ఎక్కువ కావడం వల్ల దాన్ని నూలుగా వడకలేరు, అందుకే దిండ్లకు మిగిలింది. పరుపంతా దాంతో నింపితే తొందరగా చదునైపోతుంది.

గలీబుకు, దుప్పటికి ఎమ్మిగనూరు పక్కనే ఉంది. మాచాని సోమప్ప చొరవతో 1938లో మొదలైన చేనేత సహకార సంఘం ఆ ఊరి దుప్పట్లకు, తువాళ్లకు దూరదూరాల పేరు తెచ్చింది. చర్మానికి రాత్రంతా తగిలేది పరుపు కాదు, ఈ బట్టే. క్యాన్సర్ కారకాలను విడుదల చేసే కొన్ని అజో రంగులను కేంద్రం 1997లో నిషేధించింది, అయినా ఏ రంగు వాడారని నేతగాణ్ని అడగడంలో తప్పు లేదు. రంగు వేయని, చలువ చేయని ముతక నూలు గుడ్డ గలీబుకు అన్నిటికన్నా నిశ్చింత. గుడ్డ దిట్టంగా నేసి ఉండాలి, పలుచనైతే దూది నూగు పైకి వస్తుంది. టాకాలు జానెడు దూరంలో పడితే దూది ఒక మూలకు జారదు.

పరుపు కుట్టే పని రాయలసీమలో దూదేకుల, నూర్‌బాషా, పింజారి అన్న పేర్లున్న కుటుంబాల చేతుల్లో పెరిగింది. విల్లును వేలాడదీసి, నారిని కర్రపిడితో మీటుతూ దూదిని నురగలా లేపే పని చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఇప్పుడు ఆ చోటికి కరెంటు మిషను వచ్చింది. పని వేగం పెరిగింది, దుమ్మూ పెరిగింది. పత్తి దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే బిసినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటిరోజు రొమ్ము పట్టేసినట్టుండడం దాని తొలి గుర్తు. ఫ్యాక్టరీల చట్టం దీన్ని వృత్తి వ్యాధిగా గుర్తించింది, అయితే ఇద్దరు ముగ్గురు పనిచేసే ఏకుడు షెడ్డుదాకా ఆ చట్టం రాలేదు. పడుకునేవాడికి విషం లేని పరుపు, చేసేవాడి ఊపిరిని తినేస్తే అది విషం లేని పరుపు అనిపించుకోదు. మిషను పక్కన దుమ్ము లాగే ఫ్యాను, మంచి మాస్కు, గాలి ఆడే షెడ్డు ఉన్నచోట కూలి యాభయ్యో వందో ఎక్కువ అడిగితే ఇవ్వడం న్యాయం. ఈ మూడింటికీ పురపాలక సంఘాలో, చేతివృత్తుల రుణ పథకాలో సాయం చేస్తే అది ఆదోనిలోని నాలుగైదు వీధులతో మొదలుపెట్టగలిగినంత చిన్న పని.