ఆరు వాట్ల భ్రమ

మాదాపూరు కాఫీ బల్లల దగ్గర ఒక మంత్రం తరచు వినబడుతోంది: “ఎన్100 కొనండి, 6 వాట్లే!” ఫోటోలు, పాటలు దాచుకొనేందుకు రాత్రింబవళ్ళు నడిచే సర్వరును ఇంట్లో పెట్టుకోదలచిన వారందరికీ ఇదే ఉపదేశం. మూలనున్న పాత డెస్క్‌టాప్ చాలునన్నవాణ్ణి చూసి జాలిపడుతున్నారు. ఈ ఉపదేశం సగం అబద్ధమని నా వాదన. అది విని చేతులు కాల్చుకున్నవాణ్ణి కనుక ఆ మాట అనే హక్కు నాకుంది.

ఆ 6 వాట్లు టీడీపీ. (సైబర్ టవర్స్ నీడలో ఈ మూడక్షరాలకు వేరే అర్థం ఉన్నదని నాకూ తెలుసు, ఇది రాజకీయం కాదు.) చిప్పును చల్లబరచడానికి ఎంత వేడిని తొలగించాలో చెప్పే లెక్క అది. పెట్టె మొత్తం ప్లగ్గు నుంచి లాగే కరెంటు లెక్క కాదు. 65 వాట్ల ముద్ర వేసుకున్న పాత ఐ5 సైతం పని లేనప్పుడు కొద్ది వాట్లతోనే కునుకు తీస్తుంది. ఇంటి సర్వరుకు రోజులో చాలా భాగం పనే ఉండదు గదా!

ఈ భ్రమ కొత్తదీ కాదు. 2008లో వచ్చిన ఇంటెల్ ఆటమ్ 230 ప్రాసెసరుకు 4 వాట్లన్నారు. దాని పక్కన కూర్చోబెట్టిన 945జీసీ చిప్‌సెట్టుకు 22 వాట్లు! ఇంటెల్ వారి సొంత బోర్డు మీద కూడా ఫ్యాను ప్రాసెసరుకు కాక చిప్‌సెట్టుకే బిగించి వచ్చింది. పెళ్ళికొడుకు ఉపవాసం, తోడిపెళ్ళికొడుకుకు విందు.

ఇప్పుడా విందు హార్డ్‌డిస్కులది. 3.5 అంగుళాల డిస్కు ఊరకే తిరుగుతూ సుమారు 5 వాట్లు తింటుంది. నా పెట్టెలో అటువంటివి నాలుగు. పైగా 450 వాట్ల పవర్ సప్లై. అంత తక్కువ భారం మీద అది వృథా చేసేదీ ఎక్కువే. ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి చూస్తే 40 వాట్లు. లోపలున్నది ఎన్100 సుమా!

40 వాట్లంటే నెలకు 29 యూనిట్లు. అంతేనా అని తీసిపారేయకండి. తెలంగాణ 2022-23 టారిఫ్ ప్రకారం 200 యూనిట్లు మించని ఇంటికి మొదటి వంద 3.40 రూపాయల చొప్పున, రెండో వంద 4.80 చొప్పున. ఆ గీత దాటితే మొదటి 200 యూనిట్లకూ 5.10, ఆపైన 7.70. 190 యూనిట్ల ఇంటికి కరెంటు ఖరీదు 772 రూపాయలు. ఈ పెట్టె వచ్చి 219 అయితే 1166. అంటే 29 యూనిట్లకు 394 రూపాయలు! 2024లో మొదలైన గృహజ్యోతి వర్తించే ఇల్లయితే సున్నా బిల్లు కాస్తా పూర్తి బిల్లవుతుంది.

ప్రాసెసరు మార్చి 10 వాట్లు మిగిల్చామనుకుందాం. ఏడాదికి 88 యూనిట్లు, 7.70 లెక్కన 675 రూపాయలు. ఆ సొమ్ముకు కొత్త పెట్టె ఎవరిస్తారు? అసలేమీ లేనివారు ఎన్100 కొనుక్కుంటే నాకు పేచీ లేదు. ఉన్నదాన్ని పారేయించే వారితోనే నా తగాదా.

నాలుగు చిన్న డిస్కుల సరుకును రెండు పెద్దవాటిలోకి మార్చాను. అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరింటి దాకా పెట్టెను పడుకోబెడుతున్నాను. బిల్లు గీతకు ఇవతలికి వచ్చింది. తూకానికి అమ్మేసిన ఐ5 సంగతి మాత్రం ఇంట్లో ఎత్తడం లేదు.