టీవీలో కోపం... ఇంట్లో బేరం!

అది 2024 మే 8. పార్లమెంటు ఎన్నికల పోలింగ్‌కు ఇంకా ఐదు రోజులుంది. సూర్యాపేటలో మా పెద్దమ్మ వాళ్లింట్లో అందరం టీవీకి అతుక్కుపోయాం. దేశంలోని వైవిధ్యం గురించి మాట్లాడుతూ కాంగ్రెస్ నాయకుడు శామ్ పిట్రోడా, తూర్పువాళ్లు చైనీయుల్లా, దక్షిణాదివాళ్లు ఆఫ్రికన్లలా కనిపిస్తారని అన్న మాట మీద ఛానళ్లన్నీ ఊగిపోతున్నాయి. చర్మం రంగు చూసి జనాన్ని అవమానిస్తారా అంటూ అదే రోజు వరంగల్ సభలో ప్రధాని మోదీ మండిపడ్డారు. ఇండియన్ ఓవర్సీస్ కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పిట్రోడా ఆ రోజే రాజీనామా చేశారు. జూన్‌లో మళ్లీ అదే పదవిలోకి వచ్చేశారు కూడా!

"మనల్ని పట్టుకొని ఆఫ్రికోళ్ల లెక్కున్నరంటడా? ఎంత పొగరు!" పెద్దనాన్న అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

సరిగ్గా అప్పుడే కోదాడ నుంచి పెళ్లి సంబంధం పట్టుకుని ఓ పెద్దాయన వచ్చాడు. అబ్బాయిది మిర్యాలగూడ. మంచి ఉద్యోగం, కలిగిన కుటుంబం. అంతా చెప్పాక గొంతు తగ్గించి అన్నాడు.

"పిల్ల గుణవంతురాలే... జర రంగు తక్కువ గదా. ఇంకో ఐదు లక్షలు కలిపితే ఆళ్లు కాదనరు."

పెద్దనాన్న ఏమీ అనలేదు. లెక్కలేసుకుంటున్నట్టు తలూపాడు. మజ్జిగ గ్లాసులతో వచ్చిన చెల్లి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నాన్నా... టీవీల ఆయనంటే అంత కోపమొచ్చింది గదా. ఈ మాటకు రాలేదా?"

అందరి నోళ్లూ మూతపడ్డాయి.

నిజమే కదా! నాయకుడు నోరు జారితే మనకు పండగ. తిడతాం, రాజీనామా అడుగుతాం. ఆయన క్షమాపణ చెప్పగానే సంగతి మరిచిపోతాం. 2017 ఏప్రిల్లో బీజేపీ మాజీ ఎంపీ తరుణ్ విజయ్ విషయంలోనూ ఇంతే. ఆ మార్చిలో గ్రేటర్ నోయిడాలో ఆఫ్రికా విద్యార్థులపై దాడులు జరిగాయి. మనది జాత్యహంకారమైతే దక్షిణాదివాళ్లతో ఎలా కలిసి బతుకుతాం అని ఆయన ఓ టీవీ చర్చలో అడిగారు. ఆ జాబితాలో ఆంధ్ర పేరూ ఉంది. అంతటా గగ్గోలు పుట్టింది. ఆయన క్షమాపణ చెప్పారు. మనల్ని అన్నందుకు మనకు కోపమొచ్చింది, సరే. మరి దెబ్బలు తిన్న ఆ విద్యార్థుల గురించి మన ఇళ్లలో ఎంత మాట్లాడుకున్నాం?

అంతకు ముందు నెలే, 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఒలేతేలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఓ తెల్లవాడు కాల్చి చంపాడు. 'నా దేశం విడిచిపో' అని అరుస్తూ తుపాకీ పేల్చాడు. ఇరాన్‌వాళ్లనుకున్నాడట. తెలుగు ఇళ్లన్నీ కన్నీళ్లు పెట్టుకున్నాయి. అమెరికాలో మనవాడికి ఏ రంగు చూసి ప్రమాదం వచ్చిందో, నోయిడాలో ఆ విద్యార్థులకూ ఆ రంగు చూసే వచ్చింది. ఈ ముడి మాత్రం మనకు కనిపించలేదు.

ఇంకో సంగతి గమనించారా? పిట్రోడా మాటకు అందరికీ కోపమొచ్చింది గానీ, ఆఫ్రికన్లలా ఉంటే తప్పేమిటని అడిగినవాళ్లు ఎంతమంది? ఆ పోలికను తిట్టుగా తీసుకున్నామంటే, నలుపు తక్కువన్న మాట మనమూ ఒప్పుకున్నట్టే కదండీ! నల్లనయ్యకు గుళ్లు కట్టి మొక్కుతాం. ద్రౌపదికి కృష్ణ అనే పేరు ఆమె రంగును బట్టే వచ్చిందని పిల్లలకు కథలు చెబుతాం. పెళ్లిచూపులకు వచ్చేసరికి మాత్రం 'నలుపైనా కళ గల పిల్ల' అంటాం. ఆ 'అయినా'లోనే ఉంది అసలు కిటుకంతా. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము కూడా పేరులోంచి 'ఫెయిర్' తీసేసింది. మన నోట్లోంచి ఆ మాట ఎప్పుడు పోతుందో!

నాయకులను నిలదీయొద్దని కాదు. తప్పకుండా నిలదీయాలి. కాకపోతే ఆ వేలు ఒక్కసారి మన నట్టింటి వైపూ తిప్పాలి. 'ఎండలో తిరక్కు, నల్లబడతావ్' అని చిన్నారితో అనేటప్పుడు, మనవరాలు పుట్టగానే 'రంగెట్లుంది' అని అడిగేటప్పుడు, ఒక్క క్షణం ఆగితే చాలు.

మర్నాడు పొద్దున్నే పెద్దనాన్న కోదాడకు ఫోన్ చేశాడు.

"రంగు ముచ్చట తియ్యనోళ్లుంటెనే చెప్పు. లేకుంటే మా పిల్ల మాకేం బరువు కాదు."

లోపల్నుంచి చెల్లి వింటూనే ఉంది. ఆ సంబంధం మళ్లీ రాలేదు. ఆ ఇంట్లో రంగు మాట కూడా!