ఖాళీ గదుల్లోకి కళాకారుల్ని పిలుద్దాం



నాదొక కోరిక. ఏటా కొన్ని వారాలు ఒక కళాకారుణ్ణి గానీ కళాకారిణిని గానీ చోడవరం దగ్గరి మన గోవాడలో ఉంచుకుందాం. బొమ్మలు వేసేవారు కావచ్చు, కథలు రాసేవారు కావచ్చు, పాట కట్టేవారు కావచ్చు. చోటూ తిండీ మనం ఇద్దాం. పొద్దుట వారి పని వారు చేసుకుంటారు. మధ్యాహ్నం ఎండ తగ్గాక మన ముసలివాళ్ల దగ్గరా బడిపిల్లల దగ్గరా కూర్చుంటారు. కోరేది ఇంతే. దీనికి పెద్ద భవనం అక్కర్లేదు, శిలాఫలకం అంతకన్నా అక్కర్లేదు.

గోవాడ అనగానే అందరికీ గుర్తొచ్చేది సహకార పంచదార ఫ్యాక్టరీ. దాని కష్టాలు మీకు నేను చెప్పాల్సిన పని లేదు. రైతుకూ కార్మికుడికీ రావలసింది అడిగి తీరాలి. ఆ పోరాటం స్థానంలో ఈ పని పెట్టమని నేను అనడం లేదు. కానీ ఈ ఏళ్లలో ఇంకొకటి కూడా జరిగింది. చెరకు తగ్గింది, కుర్రాళ్లు పనుల కోసం వెళ్లిపోయారు. చాలా ఇళ్లలో ఇద్దరు ముసలివాళ్లు, కొన్నింటిలో ఒక్కరే మిగిలారు. పింఛను అందుతోంది, ఫోను వస్తోంది. పక్కన కూర్చుని వినే మనిషే లేడు. బెల్లం పాకం దించే అదను కంటితోనే కనిపెట్టినవాళ్లు, నాట్లలో పాట అందుకున్నవాళ్లు, గుండెలకు తప్పెటగుళ్లు కట్టుకుని రాత్రంతా ఆడినవాళ్లు వీళ్లు. ఆ సంగతులు అడిగేవారు లేక వాళ్లలోనే ఉండిపోతున్నాయి. అడిగే ఓపిక, విన్నదాన్ని ఒక రూపంలో నిలబెట్టే నేర్పు కళాకారులకు ఉంటాయి. ఆ ఇద్దరినీ ఒక అరుగు మీద కూర్చోబెట్టడమే మన పని.

కళ వల్ల పల్లెకు ఏమొస్తుందని అడిగేవారు దూరం వెళ్లనక్కర్లేదు. మన అనకాపల్లి జిల్లాలోనే, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అదీ చెరకు ఊరే. దేశంలో మొదట పుట్టిన సహకార చక్కెర ఫ్యాక్టరీలలో ఒకటి అక్కడిదే. అయినా ఆ ఊరి పేరు లోకానికి తెలిసింది లక్కబొమ్మలతో. అంకుడు కర్రను తరిణె పట్టి, తిరుగుతున్న కర్రకు రంగు లక్క అదిమి పూస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. మధ్యలో రసాయన రంగులు వచ్చిపడ్డాయి. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకు ఆ రంగులు తగవని సి.వి. రాజు గారు పట్టుబట్టి గింజలు, వేళ్లు, బెరడు, ఆకుల నుంచి రంగులు తీసే పద్ధతులను మళ్లీ నిలబెట్టారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజు గారికి పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవీ ఏటికొప్పాక బొమ్మలే.

బిరుదులకన్నా నాకు అక్కడ నచ్చింది వేరు. చెట్టూ చేతిపనీ పసిపిల్లల ఆరోగ్యమూ ఆ ఊళ్లో ఒకే సంగతి అయిపోయాయి. ఇప్పుడు వాళ్లకు అంకుడు కర్ర దొరకడమే కష్టంగా ఉంది. మన ఊరికి వచ్చే ప్రతి అతిథి చేతా, పిల్లల్ని వెంటబెట్టుకుని, కాలవ గట్ల మీదా బడి ఆవరణలోనూ అంకుడు మొక్కలు నాటిద్దాం. అతిథి వెళ్లిపోయాక నీళ్లు పోసే పూచీ మనది. మన గట్టున పెరిగిన కర్ర ఒకనాడు ఏటికొప్పాక తరిణె మీదికి వెళ్తే అంతకన్నా ఏం కావాలి?

ఊరికి అతిథిగా వచ్చిన కళాకారుడు ఏం ఇచ్చి వెళ్తాడో మదనపల్లెకు తెలుసు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి కళాశాలలో కొద్దికాలం ఉన్నారు. జనగణమనకు ఇంగ్లీషు అనువాదం అక్కడే చేశారు. మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరలిపి రాసిపెట్టారు. పెద్దవాళ్ల మధ్య కళాకారుల్ని ఉంచడమూ కొత్తేమీ కాదు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో జడ్సన్ మేనర్ అనే వృద్ధుల నివాసంలో సంగీతం చదివే విద్యార్థులకు అద్దె లేకుండా గది ఇస్తారు. వాళ్లు పెద్దవాళ్ల కోసం కచేరీలు చేస్తారు, వాళ్లతో కలిసి భోంచేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మూడు వేలకు పైగా అధ్యయనాలు పరిశీలించి, జబ్బులు రాకుండా చూసుకోవడంలోనూ వచ్చిన జబ్బును సంభాళించుకోవడంలోనూ కళలకు గట్టి పాత్ర ఉందని చెప్పింది. అలాగని పాట మందు బిళ్ల కాదు. ఆశా కార్యకర్త చేసే పని ఆమే చేయాలి, ఆసుపత్రికి వెళ్లాల్సినవాళ్లు వెళ్లాలి. ఒంటరితనానికి మాత్రం ఆసుపత్రిలో చీటీ రాసేవారు లేరు.

కొత్త మనిషిని ఊళ్లో పెట్టుకోవడం ఏమిటని కొందరికి భయం ఉంటుంది. అది తప్పు కాదు. అందుకే ఎవరు వస్తున్నారో ముందే గ్రామసభలో చెప్పి, పంచాయతీకి వివరాలు ఇచ్చాకే పిలుద్దాం. ఇంటివాళ్లు ఒప్పుకోనిదే ఫొటో తీయకూడదు. ఒక అవ్వ చెప్పిన కథ అవ్వదే. అచ్చు వేయాలన్నా వేదిక మీద ఆడాలన్నా ఆమెను అడగాలి, ఆమె పేరు చెప్పాలి. ఇక్కడ చేసిన పనిలో ఒకటి ఊరికి వదిలి వెళ్లాలి.

ఇంకొక మాట నేను గట్టిగానే అంటాను. అతిథి భోజనం వంతులవారీగా అన్ని వీధుల్లోనూ జరగాలి. ఎస్సీ కాలనీలో తినని అతిథి మనకు వద్దు. ఆ వీధిని వంతులోంచి తప్పించే ఏర్పాటూ వద్దు. ఇందులో సర్దుబాటు చేసుకుంటే మొత్తం పనే మొదలుపెట్టనక్కర్లేదు. వింతగా చూసిపోయేవారి కోసం రిసార్టు కట్టాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే దానికీ నేను ఒప్పుకోను.

విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. అక్కడ చదువు ముగించి, పని చేసుకోవడానికి చోటు లేక తిరిగే పిల్లలు ఉంటారు. మొదటి పిలుపు వాళ్లకు వెళ్లాలని నా మనవి. ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ల, కోలాటం గురువులకూ అంతే మర్యాదతో అదే గది ఇవ్వాలి. చదువుకున్న కళకు మంచం, చదువులేని కళకు చాప అన్న తేడా మనం చూపకూడదు.

మొదటి ఏడాది ఒక్కరితోనే మొదలెడదాం. సంక్రాంతి చుట్టాలు వెళ్లాక వచ్చి, నూకాలమ్మ జాతర జరిగే కొత్త అమావాస్యలోపు పని ముగించుకునేలా నాలుగు వారాలు. డబ్బు చందాలు ఇప్పుడు అడగడం లేదు. పూట భోజనం పెట్టగలవాళ్లు, అతిథితో మాట్లాడడానికి ఇష్టపడే పెద్దవాళ్లు, వారానికి ఒక గంట ఇవ్వగల బడి ఉపాధ్యాయులు వచ్చే గ్రామసభలో పేర్లు రాయించండి. ఊరు విడిచి బయట ఉంటున్న పిల్లలూ, మీ ఇళ్లలో కొన్నింటికి ఏడాదంతా తాళమే. ఒక గది, ఒక నీటి కుళాయి, కరెంటు చాలు. ఇవ్వగలరో లేదో, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఈ పండక్కి వచ్చినప్పుడు చెప్పి వెళ్లండి.